అచ్చుకెక్కిన తీర్పులు

రేడియోలో వార్తలు వినునప్పుడు "ఉన్నత న్యాయస్థానము ఇట్లు తీర్పు చెప్పినది", "సుప్రీంకోర్టు ఇట్లు నిర్ణయించినది" అను మాటలు మన చెవిని పడని వారము అరుదు. విందుము. ఇంటిలో ఒకరు ఔనందురు, మరొకరు కాదందురు. అంతలో వాతావరణ సూచన వచ్చును. తీర్పు సంగతి మరపున పడును. కాని న్యాయస్థానములు దానిని మరవవు. రాజధానిలో ఒక మందిరమున వినిపించిన ఆ మాట, కొంతకాలమునకు ఎక్కడి చిన్న పట్టణములోనో, ఆ వ్యాజ్యముతో ఏ సంబంధమును లేని ఒక రైతు పొలమునకు హద్దు నిర్ణయించును. ఒక వితంతువు ఇల్లు ఆమెకు నిలుచునో నిలువదో తేల్చును. ఆ మాట అంత దూరము ఎట్లు వచ్చినది? దానిని ఎవరు వ్రాసికొనిరి, ఎవరు అచ్చువేసిరి, అది నిక్కమైన ప్రతి యని ఎవరు పూచీపడిరి? ఈ ప్రశ్నలకు ఒక చరిత్ర కలదు. నేడు దానిని కొంత తెలిసికొందము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. క్రింది కోర్టు సాక్షులను విచారించి, దస్తావేజులు చూచి, ఈ పొలము ఎవరిది, ఈ అప్పు తీరినదా లేదా అని తేల్చును. అప్పీలు కోర్టు ఆ తగవును తీర్చుటయే కాక, చట్టమునకు అర్థము ఇది యని కూడ చెప్పును. తగవు ఆ ఇరువురిది, అర్థము అందరిది. రాముడును కృష్ణుడును తమ గట్టు తగవును కొనిపోయి పై కోర్టులో తేల్చుకొనగా, అచ్చట పుట్టిన సూత్రము మన గట్టునకు కూడ వర్తించును. అట్టి సూత్రము మనకు తెలియకుండ మనలను బంధించుట న్యాయమా? శాసనసభ చేసిన చట్టమును గెజెట్టులో ప్రకటింతురు. న్యాయమూర్తి చెప్పిన చట్టమునకు గెజెట్టు ఏది? దానికి సమాధానముగా పుట్టినవే లా రిపోర్టులను తీర్పుల సంపుటములు.

మన తీరమునకు చెందిన ఒక వ్యాజ్యమునే ఉదాహరణముగా తీసికొందము. కంపెనీ కాలమున బందరు ప్రాంతమందు ఒక బ్రాహ్మణ కుటుంబములో పురుషసంతతి లేకపోగా ఆస్తి వితంతువు చేతికి వచ్చినది. ఆమె అనంతరము వారసులెవ్వరును లేరు. వారసులు లేని ఆస్తి ప్రభుత్వమునకు చెందవలెనని బందరు కలెక్టరు వాదించెను. ఆమె కాలమున జరిగిన ఋణములను ఆధారము చేసికొని కావలి వెంకటనారాయణప్ప అను నతడు ఎదురు నిలిచెను. బ్రాహ్మణుని సొత్తును రాజు తీసికొనరాదన్న స్మృతివచనము కూడ వాదనలోనికి వచ్చినది. వ్యాజ్యము సముద్రములు దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు న్యాయసంఘము ఎదుటికి చేరినది. 1860–61లో ఆ న్యాయమూర్తులు రెండు మాటలు నిశ్చయించిరి. వారసులు లేనప్పుడు బ్రాహ్మణుని ఆస్తియైనను ప్రభుత్వమునకే చెందును. అయితే వితంతువు ధర్మబద్ధమైన అవసరముల కొరకు చేసిన ఋణభారము ఉన్నచో దానికి లోబడియే చెందును. ఇది మొదటి మాట. వితంతువునకు గల హక్కు స్వభావము చేతనే పరిమితమైనది. వెనుక వారసులు లేరన్న కారణముచేత ఆమె దానిని తన యిష్టము వచ్చినట్లు అమ్ముకొనజాలదు. ఇది రెండవ మాట.

రెండవ మాట ఎంత బరువైనదో ఆలోచింపుడు. ఆ తీర్పు బందరులోని ఒక కుటుంబమును గూర్చి చెప్పినదే. కాని మూరు అను రిపోర్టరు ప్రకటించుచుండిన 'ఇండియన్ అప్పీల్సు' సంపుటములలో అది అచ్చయినది. ఆ సంపుటము కలకత్తాకు వచ్చినది, బొంబాయికి వచ్చినది, మద్రాసుకు వచ్చినది. అటుపై సుమారు ఒక శతాబ్ది కాలము, హిందూ వితంతువు ఆస్తిని గూర్చిన వాదన ఎచ్చట జరిగినను "బందరు కలెక్టరు కేసు" అను పేరు వినబడుచుండెను. ఆ పేరు ఎన్నడును వినని స్త్రీల బ్రదుకులను అది నిర్ణయించినది.

అట్టి పుస్తకములు ఎట్లు పుట్టినవి? ఇంగ్లండులో మొదట ఇవి ప్రభుత్వపు పని కావు. పదమూడవ శతాబ్ది చివర నుండి 1535 వరకు 'ఇయర్ బుక్సు' అను వార్షిక గ్రంథములలో కోర్టులలో జరిగిన వాదనలను వ్రాసియుంచిరి. అవి న్యాయవాదులు వాడుకొనుచుండిన ఫ్రెంచి భాషలో నుండెను; సామాన్య జనులకు అర్థమగునవి కావు. తరువాత ప్లౌడెను, కోకు వంటి న్యాయశాస్త్రజ్ఞులు తమ పేరులతో రిపోర్టులను వెలువరించిరి. వారిని చూచి అనేకులు ఆ పనికి పూనుకొనిరి. అందరును సమర్థులు కారు. ఎస్పినాసు అను రిపోర్టరునకు చెవుడని, కోర్టులో జరిగినదానిలో సగము మాత్రమే విని, వినని సగమును రిపోర్టు వ్రాసెనని న్యాయవాదులు నేటికిని చెప్పుకొని నవ్వుకొందురు. నవ్వులాట అటుండగా, ఆ పరిహాసములో ఒక భయము దాగియున్నది. రిపోర్టరు పొరబడినచో న్యాయమూర్తి అననిది చట్టమైపోవును. ఈ అవ్యవస్థను చక్కదిద్దుటకే 1865లో న్యాయవాదులు కలిసి ఇంగ్లండులో ఒక రిపోర్టుల మండలిని స్థాపించిరి. అదియు సర్కారు శాఖ కాదు. వృత్తిలోని వారు లాభాపేక్ష లేక నడుపు సంస్థ.

మన దేశమున కథ వేరుగా నడిచినది. మద్రాసులో 1801లో సుప్రీంకోర్టును, 1802లో మొఫసలు అప్పీళ్లకై సదరదాలతును ఏర్పడినవి. సదరదాలతు తీర్పులు కొన్ని సంపుటములుగా వెలువడెను. 1862లో ఈ రెండు న్యాయస్థానములును పోయి వాటి స్థానమున మద్రాసు హైకోర్టు వెలసినది. ఆ సంవత్సరము మొదలు 1875 వరకు గల తీర్పులు 'మద్రాసు హైకోర్టు రిపోర్ట్సు' అను పేర ఎనిమిది సంపుటములుగా అచ్చయినవి. కలకత్తాలో, బొంబాయిలో వేరువేరు వ్యక్తులు వేరువేరు రిపోర్టులు వేయుచుండిరి. ఒకే తీర్పు రెండు పుస్తకములలో కనబడుట, ముఖ్యమైనది ఒకదానిలోను కనబడకపోవుట, ఏది నమ్మదగినదో మొఫసలు న్యాయాధికారికి తెలియకపోవుట – ఇట్టి చిక్కులు పెరిగినవి.

అప్పుడు గవర్నరు జనరలు శాసనమండలి 1875లో 'ఇండియన్ లా రిపోర్ట్సు చట్టము'ను చేసినది. అది కొలది సెక్షనులు గల చిన్న చట్టము. ప్రభుత్వాధికారముతో వెలువడు రిపోర్టును తప్ప, హైకోర్టు తీర్పును గూర్చిన మరి యే రిపోర్టును వినుటకును ఏ కోర్టును బద్ధము కాదని అది చెప్పినది. 1876 నుండి కలకత్తా, మద్రాసు, బొంబాయి, అలహాబాదు అను నాలుగు శ్రేణులుగా సర్కారువారి రిపోర్టులు వెలువడసాగినవి. న్యాయవాది బల్లమీద వరుసగా పేర్చిన గట్టి అట్టల పుస్తకములను మనలో అనేకులము చూచియుందుము. "ఐ.ఎల్.ఆర్. 22 మద్రాసు 398" అని న్యాయవాది పలికినప్పుడు మనకు అది మంత్రమువలె తోచును. కాని అందులో మర్మమేమియు లేదు. అది ఒక చిరునామా మాత్రమే: మద్రాసు శ్రేణిలో 22వ సంపుటము, 398వ పుట. ఊరు, వీథి, ఇంటి సంఖ్య చెప్పినట్లే.

ఆ యింటి తలుపు తట్టి చూతము. అచ్చట బాలుసు గురులింగస్వామి, బాలుసు రామలక్ష్మమ్మ అను మన తెలుగువారి పేరులే కనబడును. ఒక్కగానొక్క కొడుకును దత్తు ఇచ్చుట చెల్లునా? ఇదియే అందలి ప్రశ్న. ఏకపుత్రుని ఇవ్వరాదు, తీసికొనరాదు అని వసిష్ఠుని వచనము. ఈ విషయమున మద్రాసు, అలహాబాదు న్యాయస్థానములు దత్తత చెల్లుననగా, కలకత్తా, బొంబాయి న్యాయస్థానములు చెల్లదనెను. అనగా ఒకే ధర్మశాస్త్రమును అనుసరించు ఒకే దేశమున, మద్రాసులో కొడుకైనవాడు బొంబాయిలో కొడుకు కాడు! రిపోర్టులు లేకున్నచో ఈ విరోధము ఎవరికిని కనబడకయే పోయెడిది. నాలుగు శ్రేణులు ప్రక్కప్రక్కన బల్లమీద నుండుటచేత అది దాచరానిదైనది. 1899లో ప్రీవీ కౌన్సిలు, వసిష్ఠవచనము హితబోధయే కాని జరిగిన దత్తతను రద్దుచేయు నిషేధము కాదని తేల్చి, తగవును ముగించినది.

తీర్పులను అచ్చువేయుటవలన కలుగు మొదటి లాభము ఇదియే. న్యాయమూర్తి నేడు ఒక వాదికి ఒక మాట, రేపు మరొకనికి మరొక మాట చెప్పజాలడు. చెప్పినచో రెండు పుటలను ప్రక్కప్రక్కన పెట్టి చూపవచ్చును. బలవంతుడైన జమీందారు గాని, కలెక్టరు గాని, కోర్టు నిన్న చెప్పిన మాటను నేడు లేదనలేడు. కోర్టు తలుపులు తెరచియుంచుట ఎంత అవసరమో, తీర్పు పుట తెరచియుంచుట అంత అవసరము.

అయితే సర్కారు పుస్తకమునకు ఒక జబ్బు ఉండెను, అది ఆలస్యము. తీర్పు చెప్పిన నెలలకు, ఒక్కొక్కప్పుడు ఇంకను జాగుగా, అది చేతికందెడిది. వ్యాజ్యము రేపు విచారణకు వచ్చు న్యాయవాది అంతవరకు ఎట్లు కాచుకొనగలడు? పైగా రిపోర్టరులు ముఖ్యమని యెంచిన తీర్పులనే సర్కారు సంపుటములలో వేయుదురు. ఈ వెలితిని పూరింప స్వతంత్ర పత్రికలు పుట్టినవి. 1891లో 'మద్రాసు లా జర్నలు' ఆరంభమైనది. తరువాత 'ఆల్ ఇండియా రిపోర్టరు' వెలసినది. ఇవి త్వరగా వచ్చెడివి, ఎక్కువ తీర్పులను వేసెడివి. 1875 నాటి చట్టము కాగితము మీద అట్లే యుండగా, కోర్టులు ఈ పత్రికలను కూడ చూడసాగినవి. దీనికి న్యాయమైన కారణము లేకపోలేదు. తీర్పునకు బలము ఇచ్చునది అచ్చు కాదు, న్యాయస్థానపు అధికారము. అచ్చుకెక్కని తీర్పు కూడ తీర్పే. ఆ చట్టమే మరొక సెక్షనులో, తీర్పులకు సహజముగా గల ప్రామాణ్యమునకు మించినది గాని, వేరైనది గాని తాను ఇచ్చుటలేదని ఒప్పుకొన్నది.

ఇచ్చట మరొక ప్రశ్న పుట్టినది. తీర్పు ఎవరి సొత్తు? దానిని వ్రాసిన న్యాయమూర్తిదా, అచ్చువేసిన రిపోర్టరుదా, ప్రజలదా? అమెరికాలో 1834లోనే ఇద్దరు రిపోర్టరుల నడుమ ఈ తగవు రాగా, న్యాయమూర్తుల తీర్పులపై ఏ రిపోర్టరునకును కాపీరైటు లేదని అచ్చటి సుప్రీంకోర్టు చెప్పినది. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము, కోర్టు నిషేధించిననే తప్ప, తీర్పును ఎవరైనను పునర్ముద్రించుకొనవచ్చునని అంగీకరించినది. 2007లో మన సుప్రీంకోర్టు ఇదే విషయమును విచారించి, తీర్పు మూలపాఠము ప్రజలదే యనియు, ప్రచురణకర్త తన బుద్ధితోను శ్రమతోను చేర్చిన భాగములకు మాత్రమే అతనికి రక్షణ గలదనియు నిర్ణయించినది. రిపోర్టు ఆరంభమున 'హెడ్ నోటు' అను సారాంశము ఉండును. అది రిపోర్టరు వ్రాసినది; తీర్పులో భాగము కాదు. బండిపై అతికించిన చీటీ వంటిది. చీటీ చూచి సరకు కొనువాడు మోసపోయినట్లే, హెడ్ నోటు మాత్రమే చదివి వాదించిన న్యాయవాది న్యాయమూర్తి ముందు తల వంచుకొనుట కద్దు.

స్వాతంత్ర్యము వచ్చినది. 1949 అక్టోబరుతో ప్రీవీ కౌన్సిలు అధికారము అంతరించినది. 1950లో సుప్రీంకోర్టు వెలసినది. దానితోపాటే 'సుప్రీంకోర్టు రిపోర్ట్సు' అను అధికార సంపుటములు ఆరంభమైనవి. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రము దేశమందలి న్యాయస్థానములన్నిటికి శిరోధార్యమని రాజ్యాంగము 141వ అధికరణము చెప్పుచున్నది. బహిరంగ న్యాయస్థానములో తప్ప సుప్రీంకోర్టు తీర్పు చెప్పరాదని 145వ అధికరణము విధించుచున్నది. ఈ రెంటిని కలిపి చదివినచో మన కర్థమగు భావము ఒక్కటే: అందరిని బంధించు మాటను చాటున చెప్పరాదు.

మన ప్రాంతమున 1954 జూలైలో గుంటూరునందు ఆంధ్ర హైకోర్టు ఏర్పడినది. కోకా సుబ్బారావుగారు దాని ప్రథమ ప్రధాన న్యాయమూర్తి. 1956లో రాష్ట్రావతరణముతో అది హైదరాబాదు చేరినది. 2019 జనవరి 1వ తేదీ నుండి తెలంగాణమునకు హైదరాబాదులోను, ఆంధ్రప్రదేశమునకు అమరావతిలోను వేరువేరు హైకోర్టులు పనిచేయుచున్నవి. ఈ న్యాయస్థానముల తీర్పు ప్రతుల ముందు పుటలో, దీనిని లా రిపోర్టరులకు ఇవ్వవచ్చునా అని ఒక ప్రశ్న, దాని కెదురుగా న్యాయమూర్తి సమాధానము కనబడుచుండును. చూచుటకు చిన్న విషయము. కాని ఒకరి తగవు అందరి చట్టముగా మారు గడప అదియే.

ఇక మొదట చెప్పిన బందరు వితంతువు సంగతికి మరలి వత్తము. 1956 హిందూ వారసత్వ చట్టము, స్త్రీకి గల పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చినది. అయినను మనోవర్తి క్రింద, జీవితకాలము మాత్రమే అనుభవింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తి మాట యేమి? తులశమ్మ అను ఒక వితంతువు ఈ ప్రశ్నతో మన హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టునకు వెళ్లినది. భర్త సోదరుడు రాజీపత్రములోని షరతును చూపి, ఆమె చేసిన అన్యాక్రాంతములు చెల్లవనెను. హైకోర్టులో ఆమె ఓడినది. 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పినది. మనోవర్తి హక్కు భర్త కుటుంబము పెట్టిన భిక్ష కాదు, ముందునుండియు ఆమెకు గల హక్కే; దానికి బదులుగా వచ్చిన ఆస్తి 1956 చట్టముతో ఆమెకు సంపూర్ణముగా చెందినదని ఆ తీర్పు సారాంశము. 1860–61లో ఒక తెలుగు తీరపు వ్యాజ్యముతో బిగిసిన ముడి, మరొక తెలుగు వ్యాజ్యముతో చాలవరకు సడలినది. తులశమ్మ గెలిచినది తన పొలము కొరకు. కాని ఆ తీర్పు అచ్చుకెక్కి దేశమంతట ఆమె వంటి వారందరికి రక్ష అయినది.

అందరికి రక్ష అంటిమి, అందరికిని తెలిసినదా? ఇచ్చటనే మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఈ సంపుటములన్నియు ఇంగ్లీషులో నున్నవి. పూర్వము నైజాము ఏలుబడిలో కోర్టు భాష ఉర్దూ. అనగా తెలుగువానికి తన పొలమును గూర్చిన న్యాయము, తీరమున ఒక పరభాషలోను, తెలంగాణమున మరొక పరభాషలోను లభించినది. అయినను మన భాషకు న్యాయశాస్త్రము క్రొత్త కాదు. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు సంస్కృతమున రచించిన మితాక్షరను, పదమూడవ శతాబ్దిలో కేతన తెనిగించి 'విజ్ఞానేశ్వరీయము'గా మన కొసగెను. ఆస్తి పంపకము, ఋణము, సాక్ష్యము మొదలగువానిని తెలుగు పద్యములలో చెప్పగలిగిన భాష, ఒక తీర్పును గద్యములో చెప్పలేదా?

సంతోషింపదగిన మార్పు కొంత వచ్చినది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన అధికార రిపోర్టులను, ఆరంభమున సుమారు 34,000 తీర్పులను, అంతర్జాలములో అందరికి ఉచితముగా అందుబాటులో నుంచినది. ఆ నెలలోనే కొన్ని తీర్పుల అనువాదములను తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఆ రిపోర్టులతోపాటు అందుబాటులో నుంచినది. ప్రతి తీర్పునకు, ఏ ప్రచురణకర్త పుస్తకముతోను ప్రసక్తి లేని స్వతంత్రమైన సంఖ్యను కూడ ఇవ్వసాగినది. పూర్వము బీరువాల నిండ పుస్తకములు గల న్యాయవాదికి మాత్రమే దొరకుచుండిన పుట, నేడు ఇంటింటికి రాగలుగుచున్నది. అనువాదము తెలిసికొనుటకు మాత్రమే; వివాదము వచ్చినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణము. ఈ మినహాయింపు ఉన్నను, తలుపు ఓరగా నైనను తెరచుకొన్నది.

చట్టము తెలియదనుట తప్పించుకొను మార్గము కాదని న్యాయస్థానములు మనకు ఎల్లప్పుడును చెప్పుచుండును. ఆ మాట న్యాయమైనది కావలెనన్నచో, చట్టమును తెలిసికొను మార్గమును మనకు చూపవలసిన బాధ్యత కూడ ఉన్నది. తీర్పులను అచ్చువేయుట ఆ బాధ్యతలో మొదటి మెట్టు. మన భాషలో చెప్పుట రెండవది. మూడవ మెట్టు మనది. ఈసారి రేడియోలో ఒక తీర్పు వార్త వినినప్పుడు, అది ఎవరి గెలుపు అని మాత్రమే కాక, ఏమి చెప్పినది, ఎందులకు చెప్పినది అని కూడ అడుగుదము. బందరు తీరమున ఆనాటి వితంతువు అడుగ వీలులేని ప్రశ్న అది. మన ఇంటి ఆడపడుచులు నేడు అడుగగలరు. అడిగినచో సమాధానము చదువను గలరు.